రోజూ నడుస్తున్నాను, ఏమీ కనిపించడం లేదు. మీరేం చూస్తారు?

కాలనీనడక
మే 26

నమస్కారం అండి. నాకు నలభై మూడేళ్లు. మియాపూర్ దగ్గర ఒక కాలనీలో ఉంటాం. పోయిన దసరాకు ముందు రక్తపరీక్షలో షుగరు గీత మీద ఉందని తేలింది. మందుల దాకా పోకూడదంటే రోజూ నలభై నిమిషాలు నడవాల్సిందేనన్నారు డాక్టరు గారు. ఎనిమిది నెలలుగా ఆదివారం కూడా మానలేదు. ఇంటి గేటు నుంచి చెరువు కట్ట దాకా, కట్ట మీద ఆ చివరి వరకు, మళ్లీ వెనక్కి. ఫోను లెక్కలో 5,200 అడుగులు.

నా బాధ ఏమిటంటే, నడక గురించి ఎవరు రాసినా చిగురుటాకులంటారు, మంచు బిందువులంటారు, మనసు తేలికపడిందంటారు. నాకు అవేవీ కనిపించవు. చెట్టు చెట్టులాగే ఉంటుంది. చిన్నప్పుడు వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాడిని. నా దారిలో ఉన్నవి మాత్రం మూడే: ఎండ, వాన, పొగమంచులో కనిపించని స్పీడ్ బ్రేకరు.

మొన్న మా అమ్మాయి అడిగింది, దానికి రెండో తరగతి అయిపోయింది. "నాన్నా, రోజూ పొద్దున్నే పోతావు కదా, అక్కడ ఏముంది?" అంది. "చెరువు" అన్నాను. "ఇంకా?" అంది. నా దగ్గర రెండో మాట లేదు. ఎనిమిది నెలలు నడిచినవాడి దగ్గర రెండో మాట లేకపోవడం ఏమిటని ఆ రోజంతా చిరాకుగా ఉండింది.

ఏళ్ల తరబడి ఒకే దారిలో నడిచేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలు ఏం చూస్తారు? యాప్‌ల పేర్లు మాత్రం చెప్పకండి. పిట్టల పేర్లకు ఒకటి, మొక్కల పేర్లకు ఒకటి ఇప్పటికే ఫోనులో ఉన్నాయి, ఒక్కసారి కూడా తెరవలేదు.


తారురోడ్డు
మే 26

చెరువు కట్ట ఉన్నందుకు సంతోషించండి. మా వీధిలో తల ఎత్తి చిగుళ్లు చూస్తే కాలు మురుగు గుంతలో ఉంటుంది. నేను నడిచేటప్పుడు చూసేవి కుక్కలు, గుంతలు, వెనక నుంచి హారను కొట్టకుండా వచ్చే బండ్లు. పోయిన వానాకాలం మోకాలి లోతు నీళ్లలో ఏది రోడ్డో ఏది కాలువో తెలియక పదిహేను రోజులు మేడ మీదే అటూ ఇటూ తిరిగాను. ప్రకృతి సంగతి తర్వాత, ముందు నడవడానికి రెండడుగుల గట్టు ఉండాలి. షుగరు తగ్గిందా లేదా, అది చెప్పండి. తగ్గితే మీ నడక బాగున్నట్టే.


కాలువగట్టు
మే 27

బాబూ, నాకు అరవై తొమ్మిదేళ్లు. మాది కోనసీమ, అమలాపురం నుంచి బస్సులో అరగంట. పోస్ట్‌మ్యాన్‌గా ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగిపోయాను. ఇప్పుడు నడిచే కాలువ గట్టు మీదే అన్నేళ్లూ సైకిలు తొక్కాను. ఏమైనా చూశావా అని అడిగితే, ఎవరి ఇంటి కుక్క కరుస్తుందో చెప్పగలను. అంతకు మించి నీలాగే నా దగ్గరా రెండో మాట లేదు.

రిటైరయ్యాక మా వీధి లెక్కల మాస్టారితో కలిసి నడిచేవాడిని. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవారు. ఆరేళ్లు కలిసి నడిచాం, ఆ ఆరేళ్లూ పింఛను, డీఏ, పంచాయతీ ఎన్నికలు తప్ప ఇంకో మాట లేదు. తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. అరుగు మీద పడక కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు. మొదటిసారి ఒక్కడినే నడిచిన రోజు తిరిగి వస్తూ పలకరిద్దామని ఆగాను. "ఏమిటయ్యా విశేషాలు?" అన్నారు. "ఏమున్నాయి మాస్టారూ, మామూలే" అన్నాను. "మామూలే అని చెప్పడానికి నాలుగు కిలోమీటర్లు ఎందుకు నడిచావయ్యా? ఇక్కడే కూర్చుని చెప్పవచ్చు కదా" అన్నారు.

నవ్వులాటకే అన్నారు. కానీ నేను ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ ఆలోచించాను. ఆయనకు ఇక ఆ గట్టు నా నోటి నుంచి రావలసిందే. మర్నాటి నుంచి రోజుకు ఒక్కటి పట్టుకెళ్తున్నాను. ఇప్పటికి అయిదేళ్లు. రెండు చెబితే రెండోది వద్దంటారు. నిన్నటిది చెల్లదు. పైగా లెక్కల మాస్టారు కాబట్టి ఎదురు ప్రశ్నలు వేస్తారు. గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి మాస్టారూ అన్నాను ఒక వానాకాలం. తాటిచెట్టుకు ఏ వైపున అన్నారు. చూడలేదు. మర్నాడు దాని కోసమే వెళ్లి చూశాను. పదమూడు గూళ్లలో పదకొండు తూర్పు వైపే వేలాడుతున్నాయి. మనకు నైరుతి గాలి పడమటి నుంచి కొడుతుంది, చెట్టును చాటు చేసుకుని కట్టుకుంటాయన్నమాట. అప్పటికి ఆ చెట్టు కింద నుంచి నలభై ఏళ్లుగా పోతున్నాను.

మా మాస్టారికి ఆరు ఋతువులతో పని లేదు, అన్నీ కార్తెలే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు, అలా ఏడాదికి 27 కార్తెలు. రైతులు విత్తనం వేయడానికీ నారు పోయడానికీ పెట్టుకున్న లెక్క అది. నడిచేవాడికీ అదే సుళువు. రెండు నెలల ఋతువు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో కంటికి ఆనదు. పక్షం రోజుల కార్తె అయితే గోడ మీద క్యాలెండరు చూసి గుర్తుపెట్టుకోవచ్చు.

ఇప్పుడు రోహిణి. రోళ్లు పగిలే ఎండ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మా వాళ్లకు ఆకాశంలో ఋతువులతో పాటు కాలువ ఋతువులు రెండు వచ్చి చేరాయి: వదిలిన కాలువ, కట్టేసిన కాలువ. దాళ్వా కోతలయ్యాక పూడిక తీయడానికీ లాకుల మరమ్మతులకూ నీళ్లు ఆపేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు, కొబ్బరి నీడలు నీళ్లలో ఊగుతున్నప్పుడు పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఫోటోలు తీసుకుంటారు. నాకు మటుకు కట్టేసిన కాలువే ఇష్టం. కంపు కొడుతుంది, కాదనను. ఊరు ఏడాది పొడుగునా దాచుకున్నదంతా బయటపడుతుంది. వినాయకుడి చట్రాలు, సీసాలు, జోడు తప్పిన చెప్పులు, ఒక ఏడాది కుట్టుమిషను కాళ్లు. మధ్యమధ్య మడుగులు మిగులుతాయి. నీళ్లు ఇంకేకొద్దీ చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి, చేపల కోసం కొంగలు, కొరమీను కోసం బురదలో పిల్లలు. ఊళ్లో ఉన్న సందడి అంతా ఈ నెలన్నర ఆ గోతిలోనే ఉంటుంది.

నిన్న వంతెన కింద మడుగులో నత్తగుల్ల కొంగలు పదకొండు ఉన్నాయి. బాబూ, ఈ కొంగ ముక్కు పూర్తిగా మూతపడదు. రెండు కొసలూ కలుస్తాయి గానీ మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెరలాగ. ఒక దాన్ని పావుగంట చూశాను. తల నీళ్లలో ముంచి, మెడ అటూ ఇటూ కదిలించి, తల ఎత్తేసరికి ముక్కు చివర నత్త మాంసం వేలాడుతోంది. మింగేసింది. గుల్ల నీళ్లలోనే వదిలేసింది. అడకత్తెర కదా, పటుక్కున పగలగొడుతుందనుకున్నాను. దిగి వెతికితే బురద అంచున ఖాళీ గుల్లలు, అంచు కూడా చెదరలేదు. ఒకటి కడిగి జేబులో వేసుకుని వెళ్లి మాస్టారి ఎడమ చేతిలో పెట్టాను. బొటనవేలితో చుట్టూ తడిమి "పగలగొట్టలేదే!" అన్నారు. నిన్నటికి అదే.

ఒకసారి దొంగలెక్క కూడా చెప్పాను. మార్గశిర మాసం, చలి, బద్ధకం. గట్టు దాకా పోకుండా సెంటర్లో హోటల్లో కూర్చుని టిఫిను చేసి, తిరిగి వస్తూ "ఇవాళ కోకిల కూసింది మాస్టారూ" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇడ్లీ తిన్నావా, పెసరట్టు తిన్నావా?" అన్నారు. కోకిల చలికాలంలో ఎక్కడికీ పోదట, ఇక్కడే కొమ్మల్లో నోరు మూసుకుని ఉంటుందట. మాఘం దాటాక గొంతు సవరించుకుంటుంది. మేం అది కూసినప్పుడు వచ్చిందనుకుంటాం, ఊరుకున్నప్పుడు వెళ్లిపోయిందనుకుంటాం.

కాలికి తెలిసే సంగతులు కూడా ఉన్నాయి, అవి కంటికంటే ముందు తెలుస్తాయి. రోహిణిలో గట్టు మీద దుమ్ము మెత్తగా గోధుమపిండిలా చీలమండ దాకా లేస్తుంది. మృగశిరలో నాలుగు చినుకులు పడితే ఆ పిండే చెప్పుకు అంటుకుని అడుగడుగునా అరంగుళం ఎత్తు పెంచుతుంది, వెనక లాల్చీ మీద చుక్కలు పడతాయి. కార్తీకంలో గరిక మీద మంచుకు పంచె అంచు తడుస్తుంది. సంక్రాంతి ముందు గట్టు నిండా వరిగడ్డి పరుస్తారు, పరుపు మీద నడిచినట్టుంటుంది. కళ్లు మూసుకుని నడిపించినా నెల చెప్పగలను. నెల అంటే తేదీ కాదులే.

నీ అమ్మాయి "ఇంకా?" అంది కదా. నాకు అలా అడిగేవారు దొరకడానికి అరవై నాలుగేళ్లు పట్టింది. రేపు పొద్దున్న ఏదో ఒకటి పట్టుకెళ్లు. చిన్నదైనా ఫరవాలేదు.


రాళ్లమధ్య
మే 28

నేను నర్సును. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున ఆరున్నరకు కేబీఆర్ పార్కు బయటి కాలిబాట మీదుగా బస్సు దాకా నడుస్తాను. నిద్ర కళ్లతో నడిచేదాన్ని కాబట్టి నేను చూసేది తక్కువ, ముక్కుకూ చెవికీ తెలిసేదే ఎక్కువ.

నవంబరులో ఆకాశమల్లె. చెట్టు పొడుగ్గా ఉంటుంది, పూలు పైన ఎక్కడో ఉంటాయి, తల ఎత్తితే కనిపించవు. వాసన ముందు వస్తుంది, తర్వాత కాలిబాట మీద తెల్లగా రాలినవి కనిపిస్తాయి. పూవు చిన్నది, కాడ వేలంత పొడుగు. మా ఊళ్లో ఆ కాడలనే జడలాగ అల్లేవాళ్లం, దారం అక్కర్లేదు. పోయిన నవంబరులో ఒక రాత్రి వార్డులో చాలా కష్టంగా గడిచింది. ఆ సంగతి రాయను. పొద్దున బయటికి వచ్చి పది కాడలు ఏరి అల్లడం మొదలుపెట్టాను. బస్సు రెండు పోయాయి. ఇంటికి ఎందుకు ఆలస్యమైందంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడైతే గోడ అవతల నుంచి నెమళ్ల అరుపు. అందరూ నెమలి అంటే పింఛం అనుకుంటారు. వినాయక చవితి రోజుల్లో చూడండి, పింఛం ఈకలు రాలిపోయి మగ నెమలి బోసిగా, ఎవరో బట్టలు ఎత్తుకుపోయినట్టు మొహం పెట్టుకుని తిరుగుతుంది. మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. నాకు ఆ బోసి నెమలి అంటేనే ఎక్కువ ఇష్టం.

మీ కాలనీ చుట్టుపక్కల బండరాళ్లు మిగిలి ఉంటే వాటిని కూడా చూడండి. హైదరాబాదు రాయి వయసు 250 కోట్ల ఏళ్లు అంటారు. దానికి ఏ కార్తే లేదు. కానీ మొదటి వాన పడిన గంటకు దాని గుంటల్లో నీళ్లు నిలిచి, ఆ చెంచాడు నీళ్లలో పిచ్చుకలు స్నానాలు మొదలుపెడతాయి.


మంచుదారి
మే 30

కాలువగట్టు గారి మాట చదువుతుంటే కళ్లు చెమర్చాయి, అయినా నాకు వ్యతిరేక అనుభవం ఉంది, చెప్పకుండా ఉండలేను.

మేం మిషిగన్‌లో ఉంటాం, పద్నాలుగేళ్లయింది. ఇక్కడ ఋతువులు అరిచి చెబుతాయి, వెతకక్కర్లేదు. అక్టోబరులో ఇంటి వెనక మేపుల్ చెట్టు పదిరోజుల్లో ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరుగుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే చీకటి. మొదట్లో ప్రతి ఆకునూ ఫోటో తీసి రాజమండ్రిలో ఉన్న అమ్మకు పంపేదాన్ని. అమ్మ "బాగుంది తల్లీ" అని పెట్టేది. మూడో ఏడాదికి నేను నడవడం మానేసి ఫోటోలు తీయడానికి తిరుగుతున్నానని అర్థమైంది. ఎదుట ఉన్నదాన్ని చూడకముందే, ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకునేదాన్ని. ఇప్పుడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్తాను. ఎవరికీ చెప్పను. అప్పటి నుంచే నాకు ఏదైనా కనిపించడం మొదలైంది.

ఉదాహరణకు ఆకుల సంగతే. పసుపు రంగు ఎండాకాలమంతా ఆకులోనే ఉంటుంది, పచ్చదనం కింద దాగి ఉంటుంది, పచ్చదనం తగ్గగానే బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, రాలిపోయే ముందు ఆకు దాన్ని కొత్తగా తయారుచేసుకుంటుంది. ఇది పుస్తకంలో చదివాను, నిజమే. కానీ ఒకే ఆకులో ఎండ తగిలిన సగం ఎర్రగా, మీది ఆకు నీడ పడిన సగం పసుప్పచ్చగా, నీడ అంచు గీసినట్టు ఉండడం నేనే చూశాను, ఫోను లేని రోజున.

(ఇప్పుడు మీకందరికీ చెప్పేశాను. సరే.)


కాలువగట్టు
మే 31

అమ్మా, మీరన్నదీ నిజమే. మా అబ్బాయి నాకు మంచి ఫోను కొనిచ్చిన కొత్తలో నేనూ ఫోటో తీసి మాస్టారికి చూపించాను. ఆయనకు శుక్లాలు, సరిగ్గా ఆనలేదు. "ఇది ఫోను చూసింది. నువ్వేం చూశావు?" అన్నారు. ఫోటో అయితే ఎదురు ప్రశ్న అడగడానికి ఉండదని ఆయన ఫిర్యాదు. మీ అమ్మగారు "బాగుంది తల్లీ" అనకుండా "ఎర్రబడింది ఏ వైపు కొమ్మ?" అని అడిగి ఉంటే మీరు ఫోను పక్కన పెట్టి మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లి ఉండేవారేమో. పెద్దవాణ్ణి, తప్పుగా అనుకోకండి.


కాలనీనడక
జూన్ 29

నెల తర్వాత వస్తున్నాను, క్షమించండి. తారురోడ్డు గారూ, షుగరు కొంచెం తగ్గింది.

మొదటి పది రోజులు అష్టకష్టాలు పడ్డాను. మొదటి రోజు అమ్మాయికి "కానుగచెట్టు కింద పూలు రాలాయి" అని చెప్పాను. "ఏ రంగు?" అంది. తెలుపు అన్నాను. మర్నాడు అదే స్వయంగా నాతో వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది తెలుపా?" అని అడిగింది. లేత ఊదా. మీ మాస్టారే మా ఇంట్లో పుట్టినట్టుంది.

వారం కిందట కట్ట మీద గేదెల వెంట తిరిగే తెల్లకొంగలను చూశాను. ఎనిమిది నెలలుగా చూస్తున్న కొంగలే. తలా మెడా నారింజ రంగులోకి తిరిగాయి. మొదట చెరువులో ఏదో రసాయనం కలిసిందనుకుని భయపడ్డాను. తర్వాత ఒక పుస్తకంలో చూస్తే, గూడు కట్టే కాలంలో వాటికి ఆ రంగు వస్తుందట. ఇంటికి వచ్చి చెబితే అమ్మాయి తన చేతులు చూసుకుంది. ఆషాఢం కదా, ముందు రోజే వాళ్ల అమ్మమ్మ గోరింటాకు పెట్టింది. "వాటికి ఎవరు పెట్టారు?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిన్న వాన వెలిశాక చెరువు పక్క ఖాళీ ప్లాటులో ఆరుద్ర పురుగులు కనిపించాయి. చిన్నప్పుడు మా ఊళ్లో అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్లం. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎర్ర మఖమలు గుడ్డ ముక్క నడుస్తున్నట్టు ఉంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది, ఊపిరి బిగబట్టి ఆగితే మళ్లీ నడుస్తుంది. అవి నాలుగే ఉన్నాయి. ఆ ప్లాటులో రాయి పాతారు, వచ్చే ఏడాదికి ఇల్లు లేస్తుంది. ఆ ముక్క అమ్మాయికి చెప్పలేదు.

సాయంత్రం దాన్ని కూడా తీసుకెళ్లాను. గొంతుక్కూర్చుని లెక్కపెట్టి "ఎనిమిది కాళ్లు" అంది. పురుగుకు ఆరు కాళ్లేనని మూడో తరగతి పుస్తకంలో ఉందట. ఇద్దరం వాదించుకుంటున్నాం. కాలువగట్టు గారూ, మాస్టారిని అడగగలరా?


కాలువగట్టు
జూన్ 30

అడిగాను. పాప లెక్క సరైనదే, అది సాలీడు జాతిది, ఎనిమిది ఉండాలి అన్నారు. కాకపోతే నోటి దగ్గర ఇంకో జత చిన్నవి ఉంటాయి, వాటిని కూడా కాళ్లలో కలిపి లెక్కపెట్టిందా, విడిగా చూసిందా అని అడుగుతున్నారు. కలిపి లెక్కపెడితే రెండు కాళ్లు తక్కువ చూసినట్టట. ఆరుద్ర కార్తె ఇంకో అయిదు రోజులే, ఈలోగా మళ్లీ చూసి చెప్పమన్నారు.

మాకు కాలువ వదిలారు. నురగ ముందు వచ్చింది, వెనకాల నీళ్లు.